జోలె నుంచి ఖాతాకు: విరాళాల దారి

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి ఊరూరా తిరిగారు. 2001 జనవరి 26న భుజ్ భూకంపం సుమారు ఇరవై వేలమందిని బలిగొన్ననాటికి ప్రవాసుల విరాళాలకు ఈమెయిలే జోలె అయింది.

సిడ్నీ శివారు ఎడ్మండ్‌సన్ పార్కు నుంచి ఇప్పుడు సొమ్ము పంపడం నిమిషాల పని. అందుకోవడమే చిక్కు. 1976 నాటి విదేశీ విరాళాల చట్టమూ, దాని స్థానంలో వచ్చిన 2010 చట్టమూ దాతను పౌరసత్వాన్ని బట్టే చూస్తాయి. భారత పౌరుడు తన పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపినది విదేశీ విరాళం కాదు. ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకున్న పొరుగింటి తెలుగువాడు పంపితే అవుతుంది. 2020 సవరణతో, దానిని అందుకున్న సంస్థ మరో సంస్థకు బదిలీ చేయరాదు. అందువల్ల శిథిలాల పక్కనే పనిచేసే చిన్న సంఘానికి, అనుమతి లేకుంటే, ఆ సాయం చేరదు.