స్క్రీన్ మీద మచ్చ ఎందుకు పోదు? 40 ఏళ్ల కథ

రొద్దం నుంచి మాట్లాడుతున్నా. మన పక్కన లేపాక్షి గుడికి పోతే గోడమీద రెండు ఎర్రటి మచ్చలు చూపిస్తారు. విరూపణ్ణ తన కళ్లు విసిరికొట్టిన గుర్తులని కథ చెప్తారు. మానిటర్ మీద ఎంత తుడిచినా పోని మచ్చకు కూడా ఒక కథ ఉంది. ఈరోజు అదే చెప్తా.

వెనకాల పెద్ద డబ్బా ఉండే పాత మానిటర్ చూసుంటారు కదా, అది సీఆర్‌టీ. దాని గాజు లోపల ఫాస్ఫర్ అనే పూత ఉంటుంది. ఎలక్ట్రాన్లు తగిలితే అది వెలుగుతుంది. ఒకే అక్షరాలు నెలల తరబడి ఒకేచోట వెలిగితే అక్కడ పూత దెబ్బతింటుంది. అప్పుడు మానిటర్ ఆపేసినా ఆ అక్షరాల నీడ కనిపిస్తుంది. దీన్నే బర్న్-ఇన్ అన్నారు.

1983 డిసెంబర్‌లో జాన్ సోచా అనే ఆయన ఐబీఎం పీసీ కోసం రాసిన చిన్న ప్రోగ్రామ్ సాఫ్ట్‌టాక్ పత్రికలో వచ్చింది. మూడు నిమిషాలు ఎవరూ కీబోర్డు ముట్టకపోతే స్క్రీన్ నల్లగా అయిపోతుంది. అంతే! స్క్రీన్ సేవర్ అలా మొదలైంది. పేరులోనే ఉంది చూడండి, అది అందం కోసం కాదు, స్క్రీన్‌ను కాపాడటానికి.

తర్వాత ఎల్‌సీడీ వచ్చింది. అందులో వెలుగు వెనక ఉన్న లైటుది. నీడ పడినా ఎక్కువగా కాసేపటికి పోతుంది. అందరూ ఆ జబ్బును మర్చిపోయారు. కానీ 1987లో కొడాక్ కంపెనీలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చూపించిన ఓలెడ్ ఇప్పుడు మన జేబుల్లోకి వచ్చేసింది. ఇందులో ప్రతి చుక్కా తానే వెలుగుతుంది, తానే అరుగుతుంది. నీలం చుక్కలు ఇంకా తొందరగా. అందుకే కీబోర్డు, పైనుండే బ్యాటరీ గుర్తు నీడలా మిగిలిపోతాయి. పాత జబ్బు తిరిగొచ్చిందప్పా!

మరి మీ మచ్చ ఏ రకం? ముందు స్క్రీన్‌షాట్ తీసి వేరే ఫోన్‌లో చూడండి. అందులోనూ మచ్చ ఉంటే తప్పు సాఫ్ట్‌వేర్‌ది, డిస్‌ప్లే మార్చక్కర్లేదు. లేకపోతే స్క్రీన్‌దే. ఒక్క చుక్క మాత్రమే అయితే పిక్సెల్ పాడైనట్టు. నీడలా ఉంటే కాసేపు ఆపి చూడండి. అప్పటికీ పోకపోతే బర్న్-ఇన్. రంగులు మెరిపించే వీడియోలు దాన్ని బాగుచెయ్యవు, మిగతా స్క్రీన్‌ను కూడా అరగదీస్తాయి.

హిందూపురంలోనో ధర్మవరంలోనో సెకండ్ హ్యాండ్ ఫోన్ కొంటుంటే, డబ్బులిచ్చే ముందు స్క్రీన్ మొత్తం బూడిద రంగు పెట్టి చూడండి. పాత ఓనర్ రోజంతా ఏం చూశాడో ఆ మచ్చే చెప్పేస్తుంది. మళ్లీ కలుద్దాం!