హగరి చెలమ, విషజ్వరం: రాయదుర్గం నుంచి ఒక నీటి చరిత్ర

జబ్బులకు మనవాళ్ళు పెట్టుకున్న పేర్లలో కొంత చరిత్ర దాగి ఉంటుంది. ఇప్పుడు అందరమూ టైఫాయిడ్ అంటున్న జ్వరాన్ని ఒకప్పుడు విషజ్వరమనీ, సన్నిపాతమనీ అనేవారు. ఆంత్రజ్వరమన్నది తర్వాతి కాలపు వైద్యగ్రంథాల మాట. వాత పిత్త కఫాలు మూడూ ఒక్కసారిగా ప్రకోపిస్తే వచ్చేది సన్నిపాతమని ఆయుర్వేదం చెప్పింది. రోగి కళ్ళు తేలవేసి, మంచానికి అంటుకుపోయి, తనలో తాను గొణుక్కుంటూ పలవరించే స్థితి అది. ఆ పేరు కింద ఎన్నో రకాల జ్వరాలు చేరి ఉండవచ్చు గానీ, వాటిలో టైఫాయిడ్ కూడా ఒకటై ఉంటుందనడంలో సందేహం అక్కరలేదు. చిత్రమేమిటంటే గ్రీకు భాషలోని మూలపదం 'టైఫోస్'కు కూడా పొగ, మబ్బు, మైకం అనే అర్థం. రెండు నాగరికతలూ జబ్బును దాని పలవరింత ద్వారానే గుర్తుపట్టాయి. అది ఎక్కడి నుంచి వస్తోందో మాత్రం రెండింటికీ చాలాకాలం తెలియలేదు.

ఆ కథను రాయదుర్గం దగ్గర నిలబడి చెప్పుకుంటే బాగా అర్థమవుతుందని నాకనిపిస్తుంది. ఎందుకంటే ఇది మొదటి నుంచి చివరి దాకా నీటి కథ. నీటి విలువ తెలిసిన సీమ ఇది.

విజయనగర కాలంలోనూ, తర్వాత పాళెగాళ్ళ కాలంలోనూ పేరు మోసిన కొండకోట రాయదుర్గం. 1800లో నిజాము కుంఫిణీకి అప్పగించిన దత్తమండలాలలో ఇదీ చేరింది. చిరకాలం బళ్ళారి జిల్లాలో తాలూకాగా ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరులతో పాటు ఆంధ్రలోకి వచ్చింది. అవి రెండూ కర్నూలు జిల్లాకు పోగా, రాయదుర్గం అనంతపురంలో చేరింది. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్యపు మేఘాలు ఇంత లోపలికి వచ్చేసరికి వట్టిపోతాయి. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లే. 1876-78 నాటి మహాక్షామంలో అతి ఘోరంగా నలిగిన ప్రాంతాలలో ఈ బళ్ళారి సీమ ఒకటి. క్షామంలో మనుషులను చంపేది ఆకలి ఒక్కటే కాదు. ఎండిన చెరువు అడుగున మిగిలిన మడుగు చుట్టూ ఊళ్ళకు ఊళ్ళు చేరతాయి; గంజికేంద్రాల దగ్గర వేలమంది గుమిగూడతారు. అక్కడ వాంతి భేదులు, జిగట విరేచనాలు, పేరు తెలియని జ్వరాలు మొదలవుతాయి. అంతకు అర్ధశతాబ్దం ముందు, 1827 జులైలో, దత్తమండలాల తొలి ప్రధాన కలెక్టరుగా పేరు పొంది తర్వాత మద్రాసు గవర్నరైన సర్ థామస్ మన్రో కూడా ఇక్కడికి దాపునే ఉన్న పత్తికొండలో కలరాతోనే కన్నుమూశాడు. నీటిజబ్బుకు గవర్నరని గానీ కూలివాడని గానీ తేడా లేదు.

రాయదుర్గం ప్రాంతపు ఏరు వేదవతి. ఇక్కడ దాన్ని హగరి అంటారు. కర్ణాటకలోని కనుమలలో పుట్టి, హిరియూరు దగ్గర మారికణివె ఆనకట్టను, ఆపైన మన భైరవానితిప్పను దాటి తుంగభద్రలో కలిసే ఏరిది. ఏడాదిలో ఎక్కువ నెలలు పైన ఇసుకే కనిపిస్తుంది. గాలికి ఎగిరిన ఆ ఇసుక కణేకల్లు, బొమ్మనహాళ్ వైపు దిబ్బలు దిబ్బలుగా పేరుకుని చిన్న ఎడారిని తలపిస్తుంది. ఆ ఇసుకలో చేతులతో తోడితే చెలమ. అడుగున ఊరే నీళ్ళను చిప్పతో నింపాదిగా కడవలోకి తోడుకోవడం ఈ ఏటి ఒడ్డున ఆడవాళ్ళకు తరతరాల పని. చెలమ నీళ్ళు తీయనివనీ, చెరువు నీళ్ళకంటే మంచివనీ అనుభవం చెప్పింది. ఎందుకు మంచివో చెప్పడానికి ఐరోపాలో వందేళ్ళ తగువు జరగవలసి వచ్చింది.

టైఫాయిడ్ అనే పేరు 1829లో పారిస్ వైద్యుడు పియర్ లూయీ వాడుకలోకి తెచ్చాడు. పేలు మోసుకొచ్చే టైఫస్ వేరు, ఇది వేరు అని 1850 ప్రాంతంలో విలియం జెన్నర్ తేల్చాడు. ఇక ఇది ఎలా పాకుతుందన్న ప్రశ్న. కుళ్ళిన చెత్త నుంచి లేచే దుర్గంధమే జ్వరాలకు మూలమని నాటి పెద్దల నమ్మకం. ఆ నమ్మకాన్ని ఎదిరించినవాడు విలియం బడ్ అనే పల్లెటూరి వైద్యుడు. ఇంగ్లండులో నార్త్ టాటన్ ఆయన ఊరు. 1839లో అక్కడ నాలుగైదు నెలలలో 80 మందికి పైగా జ్వరపడ్డారు. ఊరు చిన్నది కనుక ఎవరి తర్వాత ఎవరు పడుకున్నారో, ఎవరు ఎవరికి ఉపచారం చేశారో ఆయనకు ఇంటింటా తెలుసు. జ్వరంతోనే ఊరు విడిచిపోయిన ముగ్గురు, తాము చేరిన చోట మరికొందరికి అంటించారని కూడా ఆయన కనిపెట్టాడు. దుర్గంధమే కారణమైతే, అది వాళ్ళ వెంట ప్రయాణం చేయదు కదా! ఆ ఊరి పెంటకుప్పలు అంతకు ముందు ఎన్నో ఏళ్ళుగా కంపు కొడుతూనే ఉన్నాయి. అప్పుడు రాని జ్వరం ఇప్పుడెందుకు వచ్చింది? రోగి మలంలోనే విషముందనీ, అది నీటి ద్వారా ఇంకొకరి కడుపులోకి పోతుందనీ బడ్ నిర్ధారణ. 1873లో పుస్తకంగా వేశాడు. సూక్ష్మదర్శిని ఆయనకు దారి చూపలేదు. ఊరివాళ్ళను ఎరిగి ఉండడమే ఆయన సాధనం.

ఆ విషానికి రూపం 1880లో దొరికింది. కార్ల్ ఎబర్త్ రోగుల అవయవాలలో ఆ సూక్ష్మజీవిని చూశాడు. 1884లో గాఫ్కీ దాన్ని విడిగా పెంచాడు. దాని స్వభావం కొంచెం తెలుసుకుంటే తక్కిన కథంతా తేట పడుతుంది. ఈ క్రిమికి మనిషి తప్ప మరో ఇల్లు లేదు. పశువులలో, పక్షులలో ఉండదు. అంటే ప్రతి టైఫాయిడ్ రోగి వెనుకా మరొక మనిషి ఉంటాడు. ఆ మనిషి మలమో మూత్రమో ఏదో దారిన ఈ మనిషి నోటికి చేరి ఉంటుంది. నీళ్ళు, పాలు, ఐసు, కడగని కూరగాయలు, వండినవాళ్ళ చేతులు – ఇవన్నీ ఆ దారులే. లోపలికి పోయిన క్రిమి చిన్నప్రేగు గోడ దాటి, రక్తంలో చేరి, కాలేయంలో, ప్లీహంలో, ఎముకల మూలుగలో పెరుగుతుంది. జ్వరం పైకి రావడానికి సాధారణంగా ఒకటి రెండు వారాలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతుంది. మనిషిని మోసగించేది ఈ వ్యవధే. కలరా అయితే నిన్నటి నీళ్ళు ఇవాళే పట్టిస్తాయి. టైఫాయిడ్ వచ్చేనాటికి ఏ జాతరలో ఏ కుండలో నీళ్ళు తాగామో మరిచిపోయి ఉంటాం. అందుకే ఎండదెబ్బనో, దృష్టినో, ముందు రోజు తిన్న మామిడిపండునో తప్పు పట్టాం.

రెండో మోసం ఇంకా గడుసుది. జ్వరం తగ్గిన నూటికి ఇద్దరు ముగ్గురిలో ఆ క్రిమి పిత్తాశయంలో, ముఖ్యంగా అక్కడ రాళ్ళుంటే, ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. వాళ్ళకు ఏ బాధా ఉండదు. ఈ సంగతి లోకానికి తెలియజెప్పిన అభాగిని మేరీ మాలన్. ఐర్లండు నుంచి న్యూయార్కు చేరిన వంటమనిషి. 1906లో ఆయిస్టర్ బే అనే చోట ఒక సంపన్నుల ఇంట 11 మందిలో ఆరుగురు జ్వరపడితే, జార్జ్ సోపర్ అనే ఇంజనీరు ఆరా తీసి, ఆమె పనిచేసిన ఇళ్ళలో చాలావాటిలో టైఫాయిడ్ వచ్చిందని పట్టుకున్నాడు. 1907 నుంచి 1910 దాకా ఆమెను ఒక దీవిలో ఉంచారు. ఇక వంట చేయనని మాట తీసుకుని విడిచిపెట్టారు. బట్టలుతికితే వచ్చే కూలి వంటపని జీతానికి సాటిరాదు. పేరు మార్చుకుని మళ్ళీ వంటింట చేరింది. 1915లో ఒక ప్రసూతి ఆసుపత్రిలో జబ్బు తలెత్తినప్పుడు మళ్ళీ దొరికిపోయింది. అప్పటినుంచి 1938లో చనిపోయేదాకా ఆ దీవే ఆమె లోకం. తాను ఆరోగ్యంగా ఉన్నానని ఆమె చివరిదాకా నమ్మింది; ఆమె శరీరం చెప్పిన సాక్ష్యం కూడా అదే కదా. ఆమెవంటి వాహకులు అప్పట్లో ఇంకా చాలామంది బయటపడ్డారు. యావజ్జీవం బందీగా ఉన్నది మాత్రం ఆడది, పేదది, పరాయి దేశం నుంచి వచ్చినది అయిన ఆ ఒక్కతే.

మన దేశంలో మరొక అపోహ రాజ్యమేలింది. దండులలో తెల్ల సిపాయిలు ఈ జ్వరంతో రాలిపోతుంటే, నల్లవారికి ఇది రాదని సైనిక వైద్యులలో చాలామంది చాలాకాలం నమ్మారు. అసలు సంగతి వేరు. ఇక్కడివాళ్ళకు అది పసితనంలోనే వచ్చేది. బతికిన బిడ్డకు కొంత నిరోధకశక్తి మిగిలేది. చనిపోయిన బిడ్డ 'జ్వరం' అన్న ఒక్క మాట కింద లెక్కలోకి పోయేది. పసిపిల్లల చావులు ఎవరూ విప్పి చూడని లెక్కలు కనుక, రోగమే లేదన్నారు. 1896లో టీకా తయారుచేసిన ఆల్మ్‌రోత్ రైట్, 1898లో ప్లేగు కమిషన్ సభ్యుడిగా ఇండియాకు వచ్చి దాన్ని వేసింది ఇక్కడి సైనికులకే. ఆ మరుసటి ఏడు మొదలైన బోయరు యుద్ధంలో టీకాను తప్పనిసరి చేయని బ్రిటిషు సైన్యం ఈ జ్వరానికి ఎనిమిదివేల మందికి పైగా బలి ఇచ్చింది. తూటాలకు పోయినవాళ్ళు అంతకంటే తక్కువ.

మళ్ళీ ఇసుక దగ్గరికి వద్దాం. 1892లో జర్మనీలో హాంబర్గ్ నగరమూ, దాన్ని ఆనుకునే ఉన్న ఆల్టోనా పట్టణమూ ఒకే ఎల్బ నది నీళ్ళు తాగేవి. ఆల్టోనాకు ఇంకా దిగువ నీళ్ళు, అంటే హాంబర్గ్ మురుగు కలిసిన నీళ్ళు వచ్చేవి. కానీ ఆల్టోనా వాటిని ఇసుకపొరల గుండా వడగట్టేది. ఆ ఏడు కలరా హాంబర్గులో వేలమందిని చంపి, ఆల్టోనా సరిహద్దు వీధిలో ఆగినట్టే ఆగింది. మరుసటి ఏడు అమెరికాలో లారెన్స్ పట్టణం ఇసుక వడపోత పెట్టగానే టైఫాయిడ్ మరణాలు బాగా తగ్గాయి. 1908లో జెర్సీ సిటీ నీళ్ళలో క్లోరిన్ కలపడం మొదలైంది. మందులు పుట్టకముందే పడమటి నగరాలలో టైఫాయిడ్‌ను వెనక్కి నెట్టినవి ఇసుక, క్లోరిన్, భూగర్భ మురుగుకాలువలు.

హగరి చెలమలో జరిగేదీ అదే. నీరు ఇసుకరేణువుల సందుల గుండా మెల్లగా నడుస్తుంది; క్రిములు రేణువులకు అంటుకుని, తిండి దొరకక చస్తాయి. అయితే చెలమకు రక్షణ దాని చుట్టుపక్కల శుభ్రత ఉన్నంతవరకే. ఆ ఇసుకలోనే బహిర్భూమికి వెళ్ళినా, చెలమ పక్కనే రోగి బట్టలు ఉతికినా, మురికి చేయి ముంచినా ఏరు చేసిన పని వృథా అవుతుంది. మనం మడికి, ఎంగిలికి ఇచ్చిన విలువ తక్కువేమీ కాదు. గ్లాసు పెదవికి తగలకుండా ఎత్తి పోసుకునే అలవాటు నిజంగా కొన్ని రోగాలను ఆపి ఉంటుంది. కానీ మన శౌచం మనిషినీ కులాన్నీ చూసినంత శ్రద్ధగా నీటి మూలాన్ని చూడలేదు. ఎవరి చేద బావిలో పడకూడదో ఊరికి కచ్చితంగా తెలుసు. వానకు పెంటదిబ్బ నీరు ఎటు పారి ఏ బావిలో దిగుతోందో తెలియదు. ఒక వాడను మంచినీటి బావి దగ్గరికి రానీయక కుంట నీటికి నెట్టిన ఊరు, ఆ వాడలో పుట్టిన జ్వరం తన వాకిటికి రాదనుకుంది. క్రిమికి అంటరానితనం తెలియదు.

ఇక చికిత్స. లంఖణం పరమౌషధమన్నది మన సామెత. మూడోవారంలో పుండు పడిన ప్రేగుకు చిల్లి పడుతుందన్న భయంతో ఇంగ్లీషు వైద్యులు కూడా రోగిని పస్తు పెట్టినవారే. ఇరవై ఒక్క రోజులు గంజితేట, బార్లీ నీళ్ళు, ఆపైన బ్రెడ్డు. మన ఊళ్ళలో బ్రెడ్డు అంటే జ్వరం వచ్చినవాళ్ళ తిండి అన్న ముద్ర చాలాకాలం చెరగలేదు. 1948లో మలయాలో క్లోరాంఫెనికాల్‌ను మరో జ్వరానికి పరీక్షిస్తుంటే, పొరపాటున ఆ జాబితాలో చేరిన టైఫాయిడ్ రోగులు కోలుకోవడం చూసి, దీనికి మందు దొరికిందని తెలిసింది. ఆ సంబరం పాతికేళ్ళు కూడా సాగలేదు. 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ చెలరేగింది. తర్వాత వచ్చిన మందులకూ ఒక్కొక్కదానికే క్రిమి అలవాటు పడింది. 2016లో పాకిస్తాన్‌లోని సింధు రాష్ట్రంలో దాదాపు అన్ని మామూలు మందులనూ తట్టుకునే రకం బయలుదేరింది. నోటి మాత్రలలో పనిచేసేది అజిత్రోమైసిన్ ఒక్కటే మిగిలింది. అది మొదలైన ఊరి పేరు హైదరాబాదు. దాన్ని అడ్డుకోవడానికి ఆ దేశం 2019లో సింధులో సుమారు కోటిమంది పిల్లలకు వేసిన టీకా మన హైదరాబాదులో పుట్టింది. భారత్ బయోటెక్ తయారుచేసిన ఆ సంయుక్త టీకాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం 2017 డిసెంబరులో వచ్చింది. ఆరు నెలలు నిండిన బిడ్డకు కూడా ఒక్క మోతాదుతో పనిచేస్తుంది. సరిహద్దు గీతకు అటూ ఇటూ ఒకే పేరున్న రెండు నగరాలు, ఒకటి రోగాన్నీ ఒకటి మందునూ ఇవ్వడం చరిత్ర ఆడిన చమత్కారం.

మందుల మొండితనంలో మన వంతు కూడా ఉంది. 1896 నాటి విడాల్ పరీక్ష చౌక కనుక, ప్రతి జ్వరానికీ అది చేయించి, ఎప్పటి అంటువల్లనో రక్తంలో మిగిలిన గుర్తును చూసి 'టైఫాయిడ్ ఉంది' అనడం చిన్న పట్టణాలలో అలవాటైపోయింది. నమ్మదగినది మందు మొదలుపెట్టక ముందు చేసే రక్తపు కల్చర్. అది లేకుండా మింగిన ప్రతి మందూ క్రిమికి ఒక పాఠం.

కరువు సీమకు మాత్రం అసలు చిక్కు ఇంకా నీటి దగ్గరే ఉంది. లోతు బోరు నీళ్ళలో క్రిములు తక్కువ. కానీ అనంతపురం బోర్లు చాలాచోట్ల ఫ్లోరైడును పైకి తెస్తాయి, పళ్ళూ ఎముకలూ పాడవుతాయి. కాలువ నీళ్ళలో, చెరువు నీళ్ళలో ఆ బెడద తక్కువ. క్రిముల భయం ఎక్కువ. ఒక చేతి నుంచి తప్పించుకుంటే ఇంకొక చేతికి చిక్కినట్టే. 1995-96లో సత్యసాయి మంచినీటి పథకం జిల్లాలో ఏడు వందలకు పైగా గ్రామాలకు నీళ్ళు తెచ్చినప్పుడు జలాశయాలతో పాటు చిత్రావతి, పెన్న, హగరి ఇసుకలో తవ్విన ఊటబావులను కూడా వాడుకుంది. అంటే యంత్రాలతో తవ్విన పెద్ద చెలమలే! అవ్వల అనుభవం ఇంజనీర్ల పటంలోకి ఎక్కింది. ఆ ఇసుకనే లారీలకెత్తి అమ్ముకుంటే పోయేది ఇసుక ఒక్కటే కాదు, వడపోత కూడా.

కుళాయి వచ్చినంత మాత్రాన కథ ముగియదు. రోజు విడిచి రోజు, వారానికోసారి వదిలే నీళ్ళతో మరో ప్రమాదముంది. ఖాళీగా ఉన్న గొట్టం, పగులు ఉన్నచోట పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. అందుకే నీళ్ళు వదిలిన మొదటి కాసేపు వచ్చేవి తాగడానికి పట్టకూడదు. దాచుకున్న నీళ్ళు కాచి తాగాలి, లేదా క్లోరిన్ వేసుకోవాలి. కడవకు మూత, కడవలో చేయి ముంచకుండా కాడ గరిటె, మరుగుదొడ్డి నుంచి వచ్చాకా వంటకు ముందూ సబ్బుతో చేతులు – ఇంతే. వీటిలో ఏదీ కొత్తది కాదు, ఖరీదైనది కాదు. కాకపోతే ఒక్క ఇల్లు పాటిస్తే చాలదు. నా నోటికి వచ్చే గుక్కెడు నీళ్ళు ఊళ్ళో ఇంకెవరో ఎలా బతుకుతున్నారన్న దానిపైన ఆధారపడి ఉన్నాయని ఒప్పుకోవడమే ఈ జ్వరం మనకు నేర్పే చరిత్ర. బడ్ 1839లో ఆ మారుమూల పల్లెలో నేర్చుకున్నదీ అదే.