మందుగా మారని అణువు

ఆ అణువు ఇక లేదు. 2002 జూలైలో దాని కథ ముగిసింది. ఏ మందుల షాపు అరలోకీ అది చేరలేదు. ఏ డాక్టరూ చీటీ మీద దాని పేరు రాయలేదు. హైదరాబాదు మియాపూర్‌లో, డాక్టర్ రెడ్డీస్ రీసెర్చ్ ఫౌండేషన్ ప్రయోగశాలలో అది పుట్టింది. మొదట డీఆర్‌ఎఫ్ 2725 అన్న సంఖ్యతో, తర్వాత రాగాగ్లిటజార్ అన్న పేరుతో పెరిగింది. ఎదగాల్సిన వయసులోనే వెళ్ళిపోయింది. మందులకు సంతాప సభలు ఉండవు. అయినా ఈ ఒక్కదాని కోసం కాసేపు ఆగి బాధపడాలి. ఎందుకంటే అది ఎవరి కోసం పుట్టిందో వాళ్ళు మనవాళ్ళు.

వాళ్ళెవరో తెలియాలంటే చెన్నై వైపు చూడాలి. ఈ నగరంలో 1989లో పెద్దవాళ్ళలో నూటికి 8.3 మందికి షుగరు ఉండేది. 1995 నాటికి అది 11.6 అయింది, 2000 నాటికి 13.5. 2001లో మొదలైన క్యూర్స్ అధ్యయనం చెన్నై వార్డుల్లో 26,001 మందిని పరీక్షించి, చివరికి 14.3 అని తేల్చింది. తరాలుగా ఈ నగరంలో బతుకుతున్న తెలుగువాళ్ళకు ఆ అంకెలు పరాయివి కావు. మన ఒంటి తీరూ అంతే. నడుం చుట్టూ కొవ్వు, రక్తంలో పెరిగే ట్రైగ్లిజరైడ్లు, తగ్గిపోయే మంచి కొలెస్ట్రాల్, వాటి వెంటే చక్కెర, ఆ వెనకాలే గుండెజబ్బు. స్టాటిన్లు చెడు కొలెస్ట్రాల్‌ను బాగా దించుతాయి, ట్రైగ్లిజరైడ్ల మీద మాత్రం వాటి పట్టు తక్కువ. చక్కెరకు ఒక మాత్ర, కొవ్వుకు ఇంకో మాత్ర, రెండింటికీ రెండు రకాల భయాలు. ఒకే మాత్ర రెండింటినీ చక్కదిద్దితే ఎంత బాగుండునో అనుకోని డాక్టరు అప్పుడు ఉండి ఉండడు.

ఆ ఆశకు రూపమే రాగాగ్లిటజార్. మన కణాల్లో కొవ్వునూ చక్కెరనూ అదుపు చేసే రెండు తలుపులున్నాయి. పీపార్ ఆల్ఫా ఒకటి, పీపార్ గామా ఇంకొకటి. పాత ఫైబ్రేట్ మందులు మొదటి తలుపు తట్టేవి, గ్లిటజోన్లు రెండోది తట్టేవి. మియాపూర్ అణువు రెండింటినీ తెరిచింది. మనుషుల మీద చేసిన తొలి పరీక్షల్లో చక్కెర తగ్గింది, ఎక్కువ మోతాదులో ట్రైగ్లిజరైడ్లు సగానికి పైగా పడిపోయాయి, మంచి కొలెస్ట్రాల్ పెరిగింది. ఒంట్లో నీరు చేరడం, రక్తహీనత వంటి ఇబ్బందులూ కనిపించాయి. కానీ ఆశ వాటికంటే పెద్దదిగా ఉంది.

ఆ ఆశ వెనక ఉన్న మనిషి కల్లం అంజిరెడ్డి. గుంటూరు జిల్లా తాడేపల్లిలో పసుపు పండించే రైతు కొడుకు. గుంటూరులో, బొంబాయిలో, పుణెలో చదివి, హైదరాబాదులోని ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించాడు. ఇతర దేశాల మందులను చవగ్గా తయారు చేసి అమ్మడంలో విజయం సాధించినా ఆయనకు తృప్తి లేదు. మన గడ్డ మీద కొత్త మందు పుట్టాలన్నది ఆయన కోరిక. 1997లో బాలాగ్లిటజోన్ అన్న మరో అణువు, 1998లో రాగాగ్లిటజార్ డెన్మార్క్ కంపెనీ నోవో నార్డిస్క్ చేతికి వెళ్ళాయి. మన దగ్గర పుట్టిన అణువు కోసం ప్రపంచం మన తలుపు దగ్గరికి రావడం మనకు కొత్త. అంజిరెడ్డి కళ్ళలో అప్పుడు ఎంత వెలుగు ఉండి ఉంటుందో ఊహించుకుంటే ఇప్పుడు గొంతు పట్టేస్తుంది.

అణువును అలా పరాయి చేతికి ఇవ్వక తప్పలేదు కూడా. మందులకు ఉత్పత్తి పేటెంట్ మన దేశంలో 2005 వరకూ లేదు. వేల మంది రోగుల మీద ఏళ్ళ తరబడి పరీక్షలు నడపగల స్తోమత అప్పటి మన కంపెనీలకు లేదు. కన్నవాళ్ళు ఇక్కడ, పెంచేవాళ్ళు అక్కడ. అందుకే చివరి నిర్ణయం జరిగినప్పుడు మనం దూరంగా నిలబడి వినాల్సి వచ్చింది.

హెచ్చరికలు లేవని కాదు. ఇదే కుటుంబానికి చెందిన ట్రోగ్లిటజోన్ కాలేయాన్ని దెబ్బతీస్తోందని 2000లో అమెరికా మార్కెట్ నుంచి తప్పుకుంది. కొవ్వునూ చక్కెరనూ పాలించే ఈ తలుపులు ఒంట్లో ఇంకా ఎన్నో చోట్ల ఉన్నాయి, ఒక చోట మంచి చేసిన తాళంచెవి ఇంకో చోట ఏం చేస్తుందో తెలియదు. అది తెలియాలంటే ఎలుకకు దాని జీవితకాలం పొడవునా, దాదాపు రెండేళ్ళు, మందు ఇచ్చి చూడాలి. ఆ రెండేళ్ళూ ఎలుకలు మౌనంగా తింటూనే ఉన్నాయి. అదే సమయంలో మనుషుల మీద పరీక్షలు ముందుకు సాగుతూనే ఉన్నాయి. 2002 జూలైలో ఎలుకల మూత్రాశయాల్లో కణితులు కనిపించాయి. నోవో నార్డిస్క్ పరీక్షలను ఆపేసింది. అవి మళ్ళీ మొదలు కాలేదు.

ఇక్కడే మనసు వెనక్కి లాగుతుంది. ఆ రెండేళ్ళ పరీక్ష ముందే ముగిసి ఉంటే, అంత నమ్మకం పెట్టుకుని మాత్రలు మింగిన మనుషులకు ఆ భయం ఉండేది కాదు. కానీ ఆ రోజుల ఆనవాయితీ రెండింటినీ పక్కపక్కనే నడిపేది. ఆ కణితులు ఎలుకలకే పరిమితమా, మనుషులకూ వస్తాయా అని తేల్చుకునే వ్యవధి దొరికి ఉంటే! తర్వాత దీని సోదరి లాంటి మ్యూరాగ్లిటజార్ మీద పరిశోధించినప్పుడు, ఎలుక మూత్రంలో ఏర్పడే స్ఫటికాలు మూత్రాశయాన్ని గాయపరిచి కణితులకు దారి తీస్తున్నాయని, మూత్రాన్ని ఆమ్లంగా మారిస్తే అవి తగ్గుతున్నాయని తేలింది. రాగాగ్లిటజార్‌కూ అదే కారణమని అనలేం. కానీ దానికి తన తరఫు మాట చెప్పుకునే సమయం కూడా మిగల్లేదు.

తర్వాత ఆ వంశంలో చాలా మందులు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. మ్యూరాగ్లిటజార్ 2005లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా సంఘం మద్దతు పొందింది. వారాల్లోనే మరణాలూ గుండెపోట్లూ పెరుగుతున్నాయని ఒక విశ్లేషణ చూపింది, 2006లో అది ఆగిపోయింది. టెసాగ్లిటజార్ మూత్రపిండాల దగ్గర తడబడి 2006లోనే వెళ్ళిపోయింది. అలెగ్లిటజార్ 2013లో ఆగింది. మియాపూర్ నుంచి నోవార్టిస్‌కు వెళ్ళిన డీఆర్‌ఎఫ్ 4158 కూడా గమ్యం చేరలేదు. బాలాగ్లిటజోన్‌ను నోవో నార్డిస్క్ 2004లో వదిలేసింది.

2013 మార్చి 15న అంజిరెడ్డి కన్నుమూశాడు. కలగన్న మందు రాకుండానే. మూడు నెలలు తిరక్కుండా, ఆ ఏడాది జూన్‌లో, అహ్మదాబాదు కంపెనీ జైడస్ వాళ్ళ ఇదే తరహా మందు సరోగ్లిటజార్ మన దేశంలో అనుమతి పొందింది. షుగరు రోగుల్లో స్టాటిన్లకు లొంగని ట్రైగ్లిజరైడ్ల కోసం అది. దాని పేటెంటు మీద ఉన్న పేర్లలో బ్రజ్ భూషణ్ లోహ్రే, విద్యా లోహ్రే ఉన్నాయి. మియాపూర్‌లో డీఆర్‌ఎఫ్ 2725ను రూపుదిద్దిన వాళ్ళలో ఉన్న పేర్లు అవి. ఆ ఆలోచన అహ్మదాబాదులో గట్టెక్కింది. అది చూడాల్సిన మనిషి లేడు.

మరి మనం ఏమని ఏడవాలి? అది బతికి ఉండాల్సిందని కాదు. చెన్నైలో షుగరుతో బతుకుతున్న ఒక తల్లికి చక్కెర తగ్గి, మూత్రాశయంలో మరో ముప్పు మొదలైతే, ఆ మందును మనం ఎలా క్షమించగలం? ఆపడం న్యాయమే. న్యాయమైన మరణానికి కూడా దుఃఖం ఉంటుంది, అది తక్కువ దుఃఖం కాదు. ఈ తరహా మందులను ఆరు నెలలకు మించి మనుషులకు ఇవ్వాలంటే, ఎలుకల మీద రెండేళ్ళ పరీక్ష ముందుగా పూర్తి చేయాలని అమెరికా ఎఫ్‌డీఏ 2004లో నియమం పెట్టింది. రాలిపోయిన అణువుల అనుభవం నుంచే ఆ నియమం వచ్చింది. ఈ రోజు చేతిలోకి వచ్చే ప్రతి కొత్త మాత్రను ఎవరో ఎక్కడో ముందుగా నిలదీసి ఉంటారు. మన అణువు తన ప్రాణంతో ఆ నిలదీతకు బలం చేకూర్చింది. దాన్ని ఓటమి అని పిలిచి మరిచిపోవడం మాత్రం తప్పు. దాని పేరు పిల్లలకు చెప్పాలి, ఎందుకు ఆగిందో పూర్తిగా చెప్పాలి.