పొట్టి తీగ పలుకు

వేములవాడ శ్రీ రాజరాజేశ్వరస్వామి సన్నిధిని ఏటేట త్యాగరాజ ఆరాధనోత్సవములు జరుగుచుండును. పదవ శతాబ్దమున చాళుక్యులకు రాజధానియై, అరికేసరి ఆస్థానమున పంపమహాకవిని పోషించిన ఆ ఊరు నేడు రాజన్న క్షేత్రముగా తెలంగాణమంతట ప్రసిద్ధము. శైవమునకును తంత్రీవాద్యమునకును మన దేశమున చుట్టరికము ప్రాతది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కిన్నెర బ్రహ్మయ్య కథను చెప్పెను. పండితారాధ్య చరిత్రమున పలు తెరగుల వీణలను పేర్కొనెను. తీగ పలుకును చెవియొగ్గి వినుట ఈ సీమవారికి నేర్పవలసిన విద్య కాదు.

ఇట్టి సీమలో నేడు విద్యుత్ గిటారు చేతబట్టిన యువకుడొకడు ఈ ప్రశ్న వేయవచ్చును: “నా చేతిలోనిది పూర్తి పొడవు గల వాద్యము. అరువదియేండ్ల క్రిందటి పొట్టి గిటార్ల మెత్తని పలుకు దీనినుండి వచ్చునా? లేక అంత వెల పోసి ఆ ప్రాత వాద్యమునే కొనవలసినదా?” ఈ ప్రశ్నకు సమాధానము కొంత శాస్త్రమున, కొంత చరిత్రలో ఉన్నది. ఆ చరిత్రలో మన తెలుగువారి పాలు తక్కువది కాదు.

ముందుగా ఈ పొట్టి గిటార్లు ఎట్లు పుట్టినవో చూతము. మెడ చివరనున్న తొలి ఆనిక మొదలు గుర్రము వరకు గల దూరమే తీగ పలుకు పొడవు. అమెరికాలో లియో ఫెండర్ 1950లో అంగడికి తెచ్చిన డొల్ల లేని గిటారునకును, 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టరునకును ఈ దూరము 25½ అంగుళములు. దీనినే పూర్తి పొడవని వ్యవహరింతురు. 1956లో అదే కర్మాగారము క్రొత్తగా నేర్చుకొనువారికై, చిన్న చేతులవారికై మ్యూజిక్‌మాస్టర్, డ్యువో-సోనిక్ అను రెండు గిటార్లను 22½ అంగుళముల తీగతో చేసెను. 1962లో జాగ్వార్ 24 అంగుళములతో వచ్చినది. 1964 నాటి ముస్టాంగునకును ప్రధానముగా అదే కొలత. 1958 నాటి రికెన్‌బాకర్ 325 ఇంకను పొట్టిది. దాని తీగ 20¾ అంగుళములే. 1960లో జాన్ లెనన్ హాంబర్గు నగరమున కొన్న గిటారు ఆ రకమునకు చెందినదే. పిల్లల వాద్యములని చులకనగా చూడబడిన ఫెండర్ పొట్టి గిటార్లు 1990ల నాటికి కర్ట్ కోబైన్ వంటివారి చేతులలో మరల వేదిక నెక్కినవి. అప్పటినుండి ప్రాత వాటికి గిరాకి పెరిగినది.

పొట్టి తీగకు వేరు పలుకు ఏల కలుగును? ఫ్రాన్సు దేశీయుడగు మెర్సెన్ 1636లో ప్రకటించిన సూత్రమే నేటికిని ఆధారము. తీగ పొడవు సగమైనచో స్వరము ఒక స్థాయి పైకి పోవును. బిగువు నాలుగింతలైనను అంతే. తీగ బరువు నాలుగింతలైనచో ఒక స్థాయి క్రిందికి దిగును. కావున ఒకే తీగను ఒకే స్వరమునకు నిలుపవలెనన్నచో, పొడవు తగ్గినకొలది బిగువును తగ్గింపక తప్పదు. 25½ అంగుళముల తీగను 24 అంగుళములకు కుదించినచో బిగువు నూటికి సుమారు 11 పాళ్లు తగ్గును. 22½ అంగుళములకు కుదించినచో సుమారు 22 పాళ్లు తగ్గును.

చెవికి వినబడు భేదమునకు ఈ వదులే ముఖ్యకారణము. వదులైన తీగ మీటగానే విశాలముగా ఊగును. గట్టిగా మీటినపుడు స్వరము తొలిక్షణమున కొంచెము హెచ్చి, పిదప తన చోట కుదురుకొనును. మీటు దెబ్బ కంచు మ్రోతవలె ఖంగున లేవక మెత్తగా వినబడును. వ్రేలితో తీగను ప్రక్కకు లాగుట సులువగును. అయితే అదే వదులు వలన మంద్రపు తీగ మెట్లను తాకి జరజరలాడును. గుణమును దోషమును ఒకే చోటినుండి పుట్టినవి.

మన వైణికులకు ఈ సంగతి క్రొత్త కాదు. విజయనగర ప్రభువుల నాటి రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధిలో శుద్ధమేళ వీణ, మధ్యమేళ వీణ, అచ్యుతరాజేంద్రమేళ వీణ అని భేదములు చెప్పి, ఏ తీగను ఏ స్వరమునకు నిలుపవలెనో, మెట్లనెక్కడ అమర్చవలెనో వివరించెను. తంజావూరు రఘునాథ నాయకుని కాలమున వీణకు 24 మెట్లు స్థిరపడినవని సంప్రదాయము. మైనముపై మెట్లను నిలిపి మేళము కట్టు పనివాడు చెవితోనే కొలత చూచును. శ్రుతిని మార్చవలసి వచ్చినపుడు వైణికుడు బిరడను త్రిప్పుటతో తృప్తిపడక తీగ లావును కూడ మార్చుకొనును. ఏలయనగా శ్రుతి సరిపోయినంత మాత్రమున పలుకు సరిపోదు. వ్రేలు లాగినపుడు తీగ ఎంతవరకు లొంగునో అదియు చూడవలెను. గమకమునకు ప్రాణము ఆ లొంగుబాటు.

ఈ సత్యమును మన కాలమున లోకమునకు చాటినవాడు పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్. ఆయన చేపట్టినది గిటారు కాదు, మాండలిన్. దాని తీగ పొడవు సుమారు 14 అంగుళములు. గిటారు తీగలో సగము కంటె కొంచెము ఎక్కువ. ఇటలీలో పెరిగిన ఆ వాద్యమునకు నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుండును. జంటతీగలను మీటినపుడు ధ్వని గలగలలాడును గాని, ఆ రెంటిని ఒక్క వ్రేలితో ప్రక్కకు లాగినచో రెండును సమముగా లొంగవు, శ్రుతి చెడును. పైగా పొట్టి తీగ పలుకు పుట్టినంతలో ఆరిపోవును. ఇట్టి వాద్యముపై కర్ణాటక సంగీతము పలుకునా అని పెద్దలు సందేహించుట సహజమే.

శ్రీనివాస్ గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. ఆయన మాండలిన్ వాదకుడు కాడు. గురువు పాడగా బాలుడు ఆ పాటనే తీగపై పలికించెను. గాత్రమే కొలమానమగుట వలన వాద్యమే మారవలసి వచ్చెను. జంటతీగలు పోయి ఒంటితీగలు వచ్చినవి. మంద్రమునకై అయిదవ తీగ చేరినది. విద్యుత్ పరికరము తీగ కదలికను పట్టి, ఆరిపోవు నాదమును నిలిపినది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున తొమ్మిదేండ్ల ప్రాయమున ఆ బాలుడు తొలి కచేరి చేసెను. 1998లో పద్మశ్రీ పురస్కారము లభించినది. 2014 సెప్టెంబరు 19న చెన్నైలో ఆయన మరణించునాటికి, సందేహించినవారి మాట ఎవరికిని గుర్తులేకపోయెను.

ఆయన పొట్టి తీగనుండి పొడుగు తీగ నాదమును రాబట్టెను. మన యువకుడు కోరునది పొడుగు తీగనుండి పొట్టి తీగ నాదము. దిశ వేరైనను మార్గమొక్కటే. వాద్యము పేరును విడిచి పొడవు, బిగువు, లావు అను మూడింటిని పట్టుకొనవలెను.

మొదటి ఉపాయము మిక్కిలి సులభము, ఖర్చు లేనిది. గిటారు తీగలన్నిటిని అరస్వరము దించి, తొలి మెట్టుపై కేపో అను బిగింపుకడ్డీని అమర్చవలెను. అపుడు తీగల స్వరములు యథాప్రకారమే ఉండును గాని, పలుకు పొడవు 25½ నుండి సుమారు 24 అంగుళములకు దిగును. బిగువు నూటికి 11 పాళ్లు తగ్గును. ఇది జాగ్వార్, ముస్టాంగు గిటార్ల కొలతయే. పూర్తి స్వరము దించి రెండవ మెట్టుపై కడ్డీ నుంచినచో పొడవు సుమారు 22¾ అంగుళములగును. 1956 నాటి పిల్లల గిటార్లకు చాల దగ్గర. కడ్డీని బిగించిన పిమ్మటనే శ్రుతి సరిచూచుకొనవలెను; అతిగా బిగించినచో స్వరము హెచ్చును. పై మెట్లు రెండు తగ్గుట ఇందలి నష్టము.

రెండవది తీగల ఎంపిక. ఆ నాటి గిటార్లకు నున్నని పట్టీ చుట్టిన లావు తీగలు వాడుక. ఎర్నీ బాల్ సన్నతీగల జత 1962లో గాని రాలేదు. నున్నని చుట్టు గల తీగలు వ్రేలి గీఱుడు వినిపింపవు, పలుకును గుండ్రముగా చేయును. అయితే లావు పెరిగినకొలది బిగువును పెరుగును గనుక, కడ్డీ వలన దక్కిన వదులు కొంత హరించును. ఏది ఎక్కువ కావలెనో చెవి నిర్ణయింపవలెను. మీటు చోటును గుర్రమునుండి మెడవైపునకు జరుపుట, స్వరరంజక బిరడను కొంచెము తగ్గించుట కూడ తీక్ష్ణతను దించును. శాశ్వతమైన మార్పు కోరువారికి, 25½ అంగుళముల గిటారునకు తగులునట్లు 24¾ అంగుళముల కొలతతో చేసిన మెడలును దొరకును.

ఇంత చేసినను ప్రాత గిటారు పలుకు అచ్చముగా రాదు. దాని తేలిక కట్టె, దాని పికప్పు చుట్టిన తీరు, అది ఏ పెట్టెలో మ్రోగినదో అదియు పలుకులో పాలుపంచుకొనును. కాని నూటికి పెక్కు పాళ్లు తీగ యందే ఉన్నదని తెలిసినవాడు అనవసరముగా అప్పుపడడు. గిటారునే వీణవలె లొంగదీయగోరి జాన్ మెక్‌లాఫ్లిన్ 1970లలో మెట్ల నడుమ పలకను గుల్లగా తొలిపించుకొని వాయించెను. పిదప ఆయన శక్తి బృందము మరల కూడినపుడు, ఆయన గిటారు ప్రక్కనే శ్రీనివాస్ మాండలిన్ మ్రోగినది. పొడుగు తీగ, పొట్టి తీగ ఒకే వేదికపై ఒకదానికొకటి బదులు చెప్పుకొన్నవి. వినినవారికి ఏది పొడుగో ఏది పొట్టియో తెలిసెను గాని, ఏది హెచ్చో ఏది తగ్గో తోచలేదు.