ఊయలకు చేరని బిడ్డలు

జూజువాడి సరిహద్దు ఊరు. ఇటు హోసూరు, అటు కర్ణాటకలోని అత్తిబెలె. ఈ సీమలో తెలుగు మునుపటినుండి ఉన్నదే. పరిశ్రమలు వచ్చిన పిమ్మట బ్రదుకుతెరువుకై వచ్చిన మనవంటి కుటుంబములు దానికి తోడైనవి. పండుగనాడు పలుకరాదని మనము దాచు మాట నొకదానిని ఈ ఉగాదికి చెప్పదలచితిమి. అది కడుపులోనే కన్నుమూసిన బిడ్డల మాట.

28 వారములు నిండిన పిమ్మట ప్రాణము లేక పుట్టిన శిశువులు 2021లో ప్రపంచమున సుమారు 19 లక్షలు. వారిలో పదింట నలుగురికి పైగా నొప్పులు మొదలైన తరువాత పోయినవారే. వేళకు చేయూత దొరకిన అనేకులు దక్కెడివారు.

ఆ చేయూతకై మన దేశమున జరిగిన కృషి చిన్నది కాదు. స్త్రీలకు స్త్రీలచే వైద్యము అందవలెనని 1885లో లేడీ డఫరిన్ నిధి ఏర్పడినది. రాజమహేంద్రవరమున పుట్టిన దుర్గాబాయమ్మగారు 1937లో మదరాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించిరి. పరవూరి తెలుగువారి సంఘమే అది. చదువుతో ఆగక, నర్సింగు హోము నెలకొల్పి, నర్సులకు శిక్షణ నిచ్చినది. అప్పుడు మన హోసూరు సేలం జిల్లాలోనిది, ఆ మదరాసు పాలనలోనిదే.

1969 నాటి జనన మరణముల నమోదు చట్టము మృతశిశు జననమును కూడ వ్రాయింపవలెనని విధించినది. లెక్కకు రాని దుఃఖమునకు నివారణ ఎట్లు దొరకును? పేద గర్భిణులకు ధనసహాయము చేయు పథకమును తమిళనాడు 1987లో డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పేర ప్రారంభించినది. 2030 నాటికి వెయ్యి కాన్పులకు ఇట్టి మరణములు పదికి లోపుగా తగ్గవలెనని 2014లో కేంద్రము సంకల్పించినది.

ఇక మన వంతు. సీమంతము కాగానే అమ్మాయిని పుట్టింటికి పంపుట మన ఆచారము; మంచిదే. కాని చీర సారెలు పెట్టెలో సర్దుదుము, పరీక్షల కాగితములు ఇక్కడనే మరతుము. రక్తపుపోటు, మధుమేహము, రక్తహీనత ఉన్న సంగతి అక్కడి డాక్టరుకు ఎట్లు తెలియును? ఆ కార్డు సారెతోపాటు వెళ్ళవలెను. బిడ్డ కదలిక తగ్గినదని తల్లి అన్నచో, తెల్లవారనిమ్మని ఆపక, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను.

బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని "నీ అదృష్టము అంతే" అని నిందించుట మానుదము. ఆమె ప్రక్కన కూర్చుండి, ఆ బిడ్డ సంగతి చెప్పుకొననిత్తము. కొత్త యేట మన సంఘము చేయదగిన పుణ్యకార్యము ఇదియే యని మా మనవి.