పేర్లున్న లెక్క, పేర్లు లేని లెక్క

1881లో స్కాట్లండ్ పల్లెల్లో జనాభా లెక్క రాసినోళ్లు ఇంటి యజమాని, భార్య, పిల్లల పేర్లు, వయసు, పని, పుట్టిన ఊరు రాశారు. కిటికీలున్న గదులెన్నో కూడా రాశారు! ఆ పుస్తకాలు ఇప్పటికీ ఉన్నాయి.

అదే ఏడాది ఫిబ్రవరిలో మన మైసూరు సంస్థానంలోనూ లెక్క తీశారు. 1871లో 50 లక్షలకు పైగా ఉన్న జనం 42 లక్షలకు దిగిపోయారు. మధ్యలో 1876-78 కరువు వచ్చింది. మన కోలారు జిల్లా బాగా దెబ్బతింది. అయితే మొత్తాలు కూడుకున్నాక ఇంటింటి కాగితాలు దాచలేదు. అంకె మిగిలింది, పేర్లు పోయాయి.

తర్వాత జాన్ టేలర్ కంపెనీ గనుల్లోకి కార్న్‌వాల్ వాళ్లొచ్చారు, చిత్తూరు వైపు నుంచి మనోళ్లూ వచ్చి తడికెల గుడిసెల్లో ఉన్నారు. కార్న్‌వాల్ మనిషి చిన్నప్పుడు ఏ ఇంట్లో ఉన్నాడో వాళ్ల లెక్కలో వెతకొచ్చు. అదే గనిలో దిగిన మనోడి ఇల్లు ఏ లెక్కలోనూ దొరకదు.