రూల్సు వద్దన్నవాళ్ల రేసు

1968లో కాలిఫోర్నియాలో గ్యారీ ఫిషర్ అనే టీనేజీ కుర్రాణ్ని సైకిల్ పోటీల నిర్వాహకులు పక్కన పెట్టేశారు. అతను మోసం చేయలేదు, ఉత్ప్రేరకాలు వాడలేదు, తోటివాణ్ని తోసేయలేదు. జుట్టు పెంచాడు, అంతే. ఆ నిషేధం 1972 దాకా తొలగలేదు. పెద్దమనుషుల రోడ్డు పోటీలంటే ఇలాంటి కుర్రాళ్లకు మొహం మొత్తడంలో ఆశ్చర్యమేముంది? వాళ్లు రోడ్డు వదిలి కొండ పట్టారు. ఇవాళ ఒలింపిక్స్‌లో చూసే క్రాస్ కంట్రీ మౌంటెన్ బైక్ రేసు చాలావరకు ఆ కొండ మీదే మొదలైంది.

కొండ పేరు టమల్‌పాయిస్. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి గోల్డెన్ గేట్ వంతెన దాటితే మరిన్ కౌంటీ వస్తుంది, అక్కడ ఉంటుంది. ఎత్తు రెండున్నర వేల అడుగులు. అడవికి నిప్పంటుకుంటే ఫైరింజన్లు వెళ్లడానికి దాని చుట్టుపక్కల గుట్టల మీద మట్టిదారులు వేశారు. ఆ దారుల్లో తొక్కడానికి ఫిషర్, అతని స్నేహితులు ఎంచుకున్నవి 1930లు, 40ల నాటి ష్విన్ కంపెనీ సైకిళ్లు. ఒకప్పుడు పేపర్లు వేసే పిల్లలు తొక్కినవి. ఒక్కటే గేరు, లావాటి టైర్లు, ఇరవై కిలోలకు అటూఇటూ బరువు. పాత సామాన్ల కొట్లలో నాలుగైదు డాలర్లకే దొరికేవి. వాటికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘క్లంకర్లు’. మన మాటల్లో చెప్పాలంటే డొక్కు సైకిళ్లు.

1976 అక్టోబర్ 21న ఈ డొక్కు సైకిళ్లతో ఒక పందెం జరిగింది. చార్లీ కెల్లీ, ఫ్రెడ్ వుల్ఫ్ దీన్ని ఏర్పాటు చేశారు. ఫెయిర్‌ఫాక్స్ ఊరి దగ్గర మూడు కిలోమీటర్ల పైచిలుకు మట్టిదారి. అంత దూరంలోనే దాదాపు నాలుగు వందల మీటర్ల దిగుడు. పాల్గొన్నవాళ్లు పది మంది కూడా లేరు. ఒక్కొక్కరినీ కొంత వ్యవధి ఇచ్చి విడివిడిగా వదిలారు. అలన్ బాండ్స్ గెలిచాడు. కింద పడకుండా దిగింది అతనొక్కడే. ఆ సైకిళ్లకు పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు వెనక చక్రం హబ్బులోనే ఉండేది. కింది దాకా బ్రేకు పట్టుకుని వచ్చేసరికి హబ్బు కాలిపోయి, లోపలి గ్రీజు పొగై పోయేది. దాన్ని విప్పి మళ్లీ గ్రీజు కూరితే తప్ప ఆ సైకిల్ ఇంకోసారి దిగడానికి పనికిరాదు. పందేనికి ‘రీప్యాక్’ అని పేరు వచ్చింది అందుకే. ఆ దారిలో రికార్డు మాత్రం ఫిషర్‌ది: 4 నిమిషాల 22 సెకన్లు. మరో పోటీదారు జో బ్రీజ్ రెండే రెండు సెకన్లు వెనక. 1979 దాకా ఈ పందేలు సాగాయి, తర్వాత 1983, 84లో మరో రెండు జరిగాయి. ఆ రోజుల ఫొటోలు ఇవాళ మనకు మిగిలాయంటే ప్రధానంగా వెండీ క్రాగ్ పుణ్యం. కెమెరా పట్టుకోవడమే కాదు, ఆ మగపిల్లల గుంపులో తనూ సైకిల్ తొక్కింది.

అయితే రీప్యాక్‌ను ఇప్పటి క్రాస్ కంట్రీకి తల్లి అనడం కొంచెం అతి. అది దిగుడు పందెం. ఒక్క గేరుతో అంత బరువున్న సైకిల్‌ను కొండ పైకి తొక్కడం ఎవరి తరమూ కాదు. తోసుకుంటూ ఎక్కాలి, లేదా ట్రక్కులో వేసుకుపోవాలి. ఎక్కడం కూడా ఆటలో భాగం కావాలంటే గేర్లు కావాలి. ఆ ఊహ రీప్యాక్‌కు ముందే, 1974 డిసెంబర్‌లో మరిన్‌కు వచ్చింది. మిల్ వ్యాలీలో జరిగిన ఒక సైక్లోక్రాస్ (మట్టి, బురద దారుల సైకిల్ రేసు) పోటీకి దక్షిణాన కూపర్టీనో నుంచి ముగ్గురు కుర్రాళ్లు వచ్చారు. వాళ్ల లావు టైర్ల పాత సైకిళ్లకు గేర్లున్నాయి, గేరు మార్చే మీట హ్యాండిల్ మీద బొటనవేలికి అందేచోట ఉంది, బ్రేకులు కూడా గట్టివి. వాళ్లలో రస్ మాన్ పేరు చరిత్రలో నిలిచింది. ఇవాళ ఎన్నో తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు కాపురమున్న కూపర్టీనోయే అది. ఆ సైకిళ్లు చూసి మరిన్ కుర్రాళ్లు ఊరుకోలేదు, ఫిషర్ తన ష్విన్‌కు గేర్లు బిగించాడు. కొండ పైకీ తొక్కవచ్చని అక్కడివాళ్లకు అనుభవంలోకి వచ్చింది.

ఆ తర్వాత కథ పరుగందుకుంది. 1977లో జో బ్రీజ్ పాత ఫ్రేముల మీద ఆధారపడకుండా కొండ కోసమే కొత్త ఫ్రేము తయారుచేశాడు. దాని మొదటి ప్రతి ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి కంపెనీ పెట్టారు, టామ్ రిచీ ఫ్రేములు చేసిచ్చాడు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ ‘స్టంప్‌జంపర్’ అనే మౌంటెన్ బైక్‌ను దుకాణాలకు పంపింది.

దుకాణాలకు వెళ్లాక రూల్సు తప్పవు. పందేలు పెరిగాయి, అడవి శాఖల అనుమతులు అడగాల్సి వచ్చింది, ఎవరైనా ఎముక విరగ్గొట్టుకుంటే ఎవరు బాధ్యులన్న ప్రశ్న వచ్చింది. 1983లో నోర్బా అనే సంఘం పుట్టింది. అది తెచ్చిన నియమాల్లో ఒకటి మాత్రం ఈ ఆట పుట్టుకకు తగినది: దారిలో సైకిల్‌కు ఏమైనా అయితే ఎవరి సాయమూ తీసుకోకూడదు. పంక్చరైతే నువ్వే వేసుకోవాలి, చైను తెగితే నువ్వే అతికించుకోవాలి, పనిముట్లూ నువ్వే మోసుకుపోవాలి. కాలి సత్తువతో పాటు చేతి పనితనానికీ మార్కులున్న సైకిల్ రేసు ఇది. ఈ నియమం చాలా ఏళ్లు నిలిచింది. తర్వాత సడలించారు, ఇప్పుడు నిర్ణీత చోట్ల మెకానిక్‌లు చక్రం మార్చిపెట్టవచ్చు. సైకిల్‌ను మాత్రం మార్చకూడదు. సడలించకుండా ఉంటేనే బాగుండేదనే పాతకాలపు అభిమానులు ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలో పస ఉంది.

తొలి అధికారిక ప్రపంచ చాంపియన్‌షిప్ 1990లో కొలరాడోలోని డురాంగోలో జరిగింది. మగవాళ్లలో గెలిచింది అదే ఊళ్లో ఉండే నెడ్ ఓవరెండ్. అప్పటికి అతనికి 35 ఏళ్లు. ఆడవాళ్లలో జూలీ ఫుర్టాడో. మంచు మీద స్కీయింగ్‌లో అమెరికా జట్టుకు ఆడి, మోకాళ్లు దెబ్బతిని ఆ ఆట వదిలేసి సైకిలెక్కిన మనిషి. తర్వాత వరసగా ప్రపంచ కప్పులు గెలిచింది. చివరికి లూపస్ జబ్బు ఆమెను ఆట మాన్పించింది.

1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ ఆట చేరింది, మొదటిసారే మగవాళ్లకూ ఆడవాళ్లకూ చెరో పతకాల పోటీ. జులై 30న, ఎండలో, నెదర్లాండ్స్‌కు చెందిన బార్ట్ బ్రెంట్యెన్స్ 2 గంటల 17 నిమిషాల 38 సెకన్లలో గెలిచాడు. స్విట్జర్లాండ్‌కు చెందిన థామస్ ఫ్రిష్‌నెక్ట్ రెండో స్థానం. ఈయన ‘రెండో స్థానం’ గాథ వేరే చెప్పుకోవాలి. 1990, 91, 92 ప్రపంచ పోటీల్లోనూ రెండో స్థానమే. 1996లో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో జరిగిన ప్రపంచ పోటీలో ఫ్రాన్స్‌కు చెందిన జెరోమ్ షియోటీ గెలిచాడు, ఫ్రిష్‌నెక్ట్‌కు మళ్లీ వెండి. నాలుగేళ్ల తర్వాత షియోటీ తానే ముందుకొచ్చి, ఈపీవో అనే ఉత్ప్రేరకం వాడానని ఒప్పుకున్నాడు. ఏ పరీక్షలోనూ దొరకని మనిషి! టైటిల్ ఫ్రిష్‌నెక్ట్ పేరుకు మారింది. ఒప్పుకోలుకు మెచ్చుకోవాలో, నాలుగేళ్లు ఆలస్యమైందని తిట్టుకోవాలో ఇప్పటికీ తేలని వ్యవహారం.

టీవీ వచ్చాక రేసు కురచైంది. ఇప్పుడు ఒలింపిక్ రేసులో నాలుగు నుంచి ఆరు కిలోమీటర్ల చుట్టును పదే పదే తిరగాలి, మొత్తం గంటన్నరకు అటూఇటూ. అందరూ ఒక్కసారే బయల్దేరతారు. మొదటి సన్నదారి వచ్చేలోపు ముందుకు చేరకపోతే వెనకవాడి గతి అధోగతి, ఒకరి వెనక ఒకరు తప్ప దారి లేదు. అగ్రస్థానంలో ఉన్నవాడి తొలి ల్యాపు సమయంలో 80 శాతాన్ని మించి వెనకబడితే అధికారులు పక్కకు రమ్మంటారు. అట్లాంటాలో రెండుంపావు గంటలు సాగినది 2024 పారిస్‌లో 1 గంట 26 నిమిషాల్లో ముగిసింది.

ఇన్ని రూల్సు పెట్టినా నేల మాత్రం వినదు. 2012 లండన్‌లో యారోస్లావ్ కుల్హావీ, నీనో షుర్టర్ గంటన్నర పోరాడితే తేడా ఒక్క సెకను, బంగారం కుల్హావీకి. మొత్తం పది ప్రపంచ టైటిళ్లు పోగేసిన షుర్టర్‌కు ఒలింపిక్ బంగారం 2016లో రియోలో గానీ అందలేదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మాథ్యూ వాన్ డెర్ పూల్ ఒక బండరాయి అంచున, సాధనప్పుడు ఉన్న చెక్క పలక రేసులోనూ ఉంటుందనుకుని సైకిల్‌ను కిందికి వదిలాడు. పలక తీసేశారు. ముందుకు తలకిందులుగా పడ్డాడు, రేసు పూర్తి చేయలేదు. అక్కడ ఆడవాళ్ల రేసు గెలిచిన యోలాండా నెఫ్ కొన్ని వారాల ముందే చెయ్యి విరగ్గొట్టుకుని వచ్చింది. మూడు పతకాలూ స్విస్ అమ్మాయిలకే.

ఇక పారిస్. పాత రాతి క్వారీ, చెత్త దిబ్బ కలిసి ఏర్పడిన ఎలాంకూర్ గుట్ట మీద పోటీ. బ్రిటన్‌కు చెందిన టామ్ పిడ్‌కాక్‌కు మధ్యలో ముందు చక్రం పంక్చరైంది. చక్రం మార్పించుకుని కదిలేసరికి అరనిమిషానికి పైగా పోయి, తొమ్మిదో స్థానానికి పడిపోయాడు. ఒక్కొక్కర్నీ అందుకుంటూ చివరి ల్యాపులో ఫ్రాన్స్‌కు చెందిన విక్టర్ కొరెట్స్కీని చేరాడు. గమ్యం దగ్గర్లో దారి ఒక చెట్టు దగ్గర రెండుగా చీలి కలుస్తుంది. కొరెట్స్కీ ఒక పక్క, పిడ్‌కాక్ మరో పక్క. రెండు దారులూ కలిసేచోట పిడ్‌కాక్ ముందు దూరాడు. గెలుపు తొమ్మిది సెకన్లతో. తమవాడు ఓడినందుకు ఫ్రెంచి జనం పిడ్‌కాక్‌ను గేలి చేశారు. కొరెట్స్కీ మాత్రం పేచీ పెట్టలేదు.

మన దేశంలో హిమాచల్‌ప్రదేశ్‌లో 2005లో మొదలైన ‘ఎంటీబీ హిమాలయ’ కొండదారుల మీద రోజుల తరబడి సాగే పోటీ. ఒలింపిక్ మౌంటెన్ బైక్ రేసులో ఇప్పటిదాకా భారతీయులెవరూ పాల్గొనలేదు. కానీ మరిన్ సైకిళ్ల వంశం మాత్రం మన వీధుల్లో బోలెడుంది. లావు టైర్లు, ముందు షాక్ అబ్జార్బర్లు, గేర్లు పెట్టి ‘ఎంటీబీ’ (మౌంటెన్ బైక్) అని స్టిక్కరు వేసిన సైకిల్ లేని తెలుగు ఊరు తక్కువ. చవక సైకిళ్లలో చాలావాటికి అది వేషం మాత్రమే. బండరాళ్ల దెబ్బ తట్టుకునే ఫ్రేమూ, ఏటవాలులో నిలబెట్టే బ్రేకులూ వాటికి ఉండవు. అలాంటి సైకిల్‌తో పిల్లలు అనంతగిరి గుట్టల్లోకో అరకు దారుల్లోకో వెళ్తామంటే ముందు బ్రేకులు పరీక్షించండి, హెల్మెట్ పెట్టించండి, పంక్చరు వేసుకోవడం నేర్పి పంపండి.